కాచిన తీర్థం

అవధానులు గారిని ప్రశ్న అడగాలంటే మాలో చాలామందికి జంకు. ఆయన కోప్పడతారని కాదు. అడిగినవాణ్ణి "పద, చెప్పులేసుకో" అని ఎక్కడికో వెంటబెట్టుకుపోతారు. జవాబు అక్కడ దొరికితే దొరికినట్టు, లేకపోతే కాళ్ళనొప్పులు మిగిలినట్టు. విజయనగరంలో ఆయన దగ్గర పదేళ్ళు చదువుకున్నవాణ్ణి, నాకు రెండూ అనుభవమే.

ఈసారి అడిగినవాడు సోమయాజులు. పిల్లలకు సంస్కృతం చెప్పుకునే మనిషి, మా అందరిలోకీ నిష్ఠాపరుడు. మడి కట్టుకున్నాడంటే సొంత మనవరాలు ఎదురొచ్చినా ఆమడ దూరం గెంతుతాడు. ఆ సాయంత్రం విశాఖపట్నం బస్సు దిగి, నేరుగా గురువుగారింటికి మండిపడుతూ వచ్చాడు.

"గురువుగారూ, భయం ఉన్నచోట నమ్మకం ఉంటుందా?" అన్నాడు.

సంగతేమిటంటే, గురువుగారి వీధి చివర జాకెట్లు కుట్టే సత్యవేణికి నాలుగేళ్ళ కూతురుంది, లాస్య. ఆ పిల్ల ఒంట్లో రక్తం నిలవదు. పుట్టిన ఏడాది నుంచీ మూడు వారాలకోసారి ఎక్కిస్తూనే ఉన్నారు. ఇప్పుడు దాని అన్న ఎముకల్లోని మూలుగ తీసి దీనికి పెడతామని విశాఖలో ఒక ఆస్పత్రివాళ్ళు చేర్చుకున్నారు. అందుకు ముందుగా పిల్ల సొంత మూలుగను మందులతో పూర్తిగా చంపెయ్యాలట. చంపాక, కొత్తది పట్టుకునేదాకా, ఆ ఒంటికి దేన్నీ ఆపే శక్తి ఉండదు. ఉత్త జలుబైనా చాలు. వారం రోజులుగా తల్లీ బిడ్డా ఒక అద్దాల గదిలో ఉన్నారు. సత్యవేణి శుక్రవారం శుక్రవారం గురువుగారి పురాణానికి తప్పకుండా వచ్చే మనిషి. అందుకని సోమయాజులు ఎవరూ చెప్పకుండానే అభిషేక తీర్థం చెంబులో పట్టుకుని వెళ్ళాడు.

"పుచ్చుకుని కళ్ళకద్దుకుంది, బాగానే ఉంది. పిల్ల నోట్లో పొయ్యమ్మా అంటే పొయ్యదే. కాచి పోస్తుందిట. తీర్థాన్ని కాస్తుందిటండీ. ఇన్నేళ్ళు మీ దగ్గర కూర్చుని శరణాగతి గురించి విన్నది ఇందుకా?"

గురువుగారు చెప్పులకేసి చూశారు. ఆ వేళకి ఆస్పత్రిలోకి పోనివ్వరు గనక సరిపోయింది. మర్నాడు పొద్దున్నే ముగ్గురం బయల్దేరాం.

గది బయట వరండాలో ఒక బెంచీ ఉంది. తలుపు అద్దంలోంచి లాస్య కనిపించింది. జుట్టంతా రాలిపోయింది. మంచం మీద కూర్చుని, ప్లాస్టిక్ ఏనుగు తొండానికి మాస్కు కట్టాలని నానా తంటాలూ పడుతోంది. నాకు చూడబుద్ధి కాలేదు, చూడకుండా ఉండబుద్ధీ కాలేదు.

సత్యవేణి తలుపు తీసి గడప లోపలే నిలబడింది. గురువుగారి కాళ్ళకు దణ్ణం పెట్టబోయి, సగం వంగి ఆగిపోయింది.

"పెట్టుకోమ్మా, ఇంతదూరం వచ్చారాయన," అన్నాడు సోమయాజులు.

ఆమె లేచి ఒకడుగు వెనక్కి వేసింది. "ముట్టుకుంటే మళ్ళీ తానం చేసి, బట్టలు మార్చుకుంటే గానీ దాని దగ్గిరికి ఎల్లకూడదండి. మారు బట్టలు ఇంకా రాలేదు. అదేమో నేను లేందే క్షణం ఉండదు. తప్పు పట్టకండి గురువుగారూ."

గురువుగారు చటుక్కున రెండడుగులు వెనక్కి తగ్గారు. కండువా కొస గాలికి అటు పోకుండా గుప్పిట్లోకి లాక్కున్నారు. మడిలో ఉన్నవాళ్ళ ఎదట బయటివాళ్ళు ఒదిగి నిలబడతారే, అలా నిలబడ్డారు.

"మైల నాదమ్మా. నువ్వక్కడే ఉండు," అన్నారు. తర్వాత, "నీళ్ళు ఎంతసేపు కాచాలి?" అని అడిగారు.

"పొంగొచ్చాక అయిదు నిమిషాలండి."

సోమయాజులు నేల చూపులు చూశాడు. సత్యవేణి గొంతు తగ్గించింది. "పొద్దున్నించీ ఒళ్ళు ఎచ్చగా ఉంది. నూరు దాటీసింది. రక్తం పట్టుకెళ్ళారు, సాయంత్రం చెప్తారట. లోపల ఏదైనా చేరిందంటే ఎల్లుండి అన్న మూలుగ ఎక్కించరు. దానిదేమో చంపీసినారు కదండీ, వెనక్కెళ్ళడానికి లేదు." పిల్లకేసి ఒకసారి తిరిగి చూసి, "భయపడకూడదని మీరు చెప్తారు. నాకు భయం పోట్లేదు. తలుపు గొళ్ళెం పట్టుకున్నా భయమే. అంటే నేను దేవుణ్ణి నమ్మనట్టా?" అంది.

గురువుగారు "ఏమైనా తిన్నావా?" అన్నారు. అంతలో పిల్ల పిలిచింది, తలుపు మూసుకుంది.

అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాం. ఆమె మోచేతులదాకా సబ్బు రాసి, వేళ్ళ సందులు ఒక్కొక్కటే తోముకుంటోంది. పెదాలు కదులుతున్నాయి. ఇరవై లెక్కపెట్టేదాకా చేతులు తోమాలని గోడ మీద కాగితం అంటించి ఉంది, లెక్కపెడుతోంది కాబోలు అనుకున్నాను. శ్లోకాలు వల్లెవేయించి వల్లెవేయించి పిల్లల పెదాలు చూసే తప్పులు పట్టగలిగిన సోమయాజులు మాత్రం అద్దానికి దగ్గరగా వెళ్ళి చాలాసేపు చూశాడు.

"గోవింద నామాలు," అన్నాడు నెమ్మదిగా. "ఇరవై చెప్పి ఆపింది."

మధ్యాహ్నం దాటింది. బెంచీ మీద ముగ్గురం కూర్చునే ఉన్నాం. వరండా చివర ఎవరు కాగితాలు పట్టుకుని కనిపించినా నేను లేచి నిలబడేవాణ్ణి. వాళ్ళు వేరే గదులకు వెళ్ళిపోయేవారు.

సోమయాజులి కోపం పోయింది గానీ ప్రశ్న పోయినట్టు లేదు. నాలుగు కాగానే లేచాడు. "ఈ బస్సు తప్పితే సంధ్యవేళకి ఇల్లు చేరలేం గురువుగారూ. ఇక్కడ కూర్చుని మనం చేసేదేముంది? భగవంతుడున్నాడు, చూసుకుంటాడు."

గురువుగారు వరండా చివరి నుంచి చూపు తిప్పలేదు. కండువా కొస ఇంకా గుప్పిట్లోనే నలుగుతోంది.

"చూసుకుంటాడు, నిజమే," అన్నారు. "మీరు వెళ్ళండి. నాకు భయంగా ఉంది."