కొత్త పెట్టెకి పాత ముఖం

ఉప్పుటేరుపాలెంలో తాతబాబు ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు ఇంకెవరూ లేరు. ఈ మాట ఊరు అనలేదు, తాతబాబే అనేవాడు. "చెప్పింది చెప్పినట్టు చేస్తాం. వెంట్రుకవాసి ఎక్కువ చెయ్యం, తక్కువ చెయ్యం. తెలివంటే అదీ!" అని వీధరుగు మీద కూర్చుని మీసం దువ్వుకునేవాడు. లైన్‌మన్ ఒకసారి "ఆ స్విచ్ జోలికి పోకండి" అన్నాడని నాలుగేళ్ళుగా వాళ్ళ వసారాలో లైటు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంది. ఇప్పుడు కూతురి ఇంటర్వ్యూ సంగతి చెప్పేటప్పుడు మాత్రం తాతబాబు ముందుగా తన నెత్తిన తనే ఒక మొట్టికాయ వేసుకుని మొదలుపెడతాడు.

ఆ రోజు ఆయన కూతురు హేమలతకి నాలుగింటికి ఇంటర్వ్యూ. ఇంట్లోనే కూర్చుని లాప్‌టాప్‌లో పిల్లలకి లెక్కలు చెప్పే ఉద్యోగం. ఇదివరకు రెండుసార్లు నెట్ పోయి ఇంటర్వ్యూ తప్పిపోయింది. "ఇదే ఆఖరు పిలుపు" అని కంపెనీవాళ్ళు రాశారు కూడా. మొన్నటి పిడుగుకి నెట్ పెట్టె, అదే రౌటరు, కాలిపోతే కొత్తది కొని తగిలించారు. దాని దీపాలు వెలిగాయి గానీ నెట్ రాలేదు. చూస్తే రెండయింది.

తాతబాబు వాళ్ళకి నెట్ ఇచ్చే కేబుల్ నూకరాజుకి ఫోన్ చేశాడు. నూకరాజు పక్క ఊళ్ళో స్తంభం మీద ఉన్నాడు.

"ఒరే నూకరాజూ, మా అమ్మాయి బతుకు నీ చేతిలో ఉందిరా!"

"నా చేతిలో వైరుంది బాబాయ్, తొందరగా చెప్పు. లాప్‌టాప్ తెర మీద ఏం రాసుంది?"

హేమలత చదివి చెప్పింది.

"ఓస్, ఇంతేనా! నెట్ వాడే ప్రతి వస్తువుకీ ఒక నంబరుంటుంది, ఐపీ అంటారు. మీ టీవీకీ లాప్‌టాప్‌కీ ఒకటే నంబరు పడింది. అందుకని రెండూ కొట్టుకుంటున్నాయి. ఇంట్లో ఏ రెండిటికీ ఒకే నంబరు లేకుండా చూడు" అని నూకరాజు పెట్టేశాడు.

అంతే. తాతబాబు సుద్దముక్క తీశాడు. లాప్‌టాప్ మూత మీద ఒకటి, టీవీ మీద రెండు, ఫ్యాను రెక్కల మీద మూడు, నాలుగు, అయిదు. ఆయన తమ్ముడు సూరిబాబు ఇంకో ముక్క పట్టుకుని వంటింట్లోకి దూరాడు. అడ్డొచ్చిన పాపానికి తాతబాబు భార్య మాణిక్యం నుదుట నలభై ఏడు పడింది.

"అన్నయ్యా, ఇడ్లీ రేకుకి ఒక నంబరా, గుంటకి ఒక నంబరా?"

"గుంటకే వెయ్యి. రేపు రెండు గుంటలు కొట్టుకుంటే ఎవడు విడదీస్తాడు?"

"కొట్టుకునేవాటిని పక్కపక్కన ఉంచుతారటండీ ఎవరైనా?" అని మాణిక్యం టీవీని దొడ్లోకి మోయించి గేదె పక్కన పెట్టించింది. గేదెకి నూట పన్నెండు.

నెట్ రాలేదు. మళ్ళీ ఫోను.

"సుద్దతో కాదు బాబాయ్!" నూకరాజు తల కొట్టుకున్నాడు. "సరే, ఇంట్లో కరెంటుతో నడిచేవన్నీ ఆపండి. ముప్ఫై లెక్కపెట్టి మళ్ళీ వెయ్యండి. లాప్‌టాప్ కొత్త నంబరు తనే అడిగి పుచ్చుకుంటుంది. నేను లైన్లోనే ఉంటా."

ఇంకేముంది! ఫ్యాను ఆపారు, ఫ్రిజ్ ఆపారు. మిక్సీ ఆగే ఉంటే ఒకసారి తిప్పి మరీ ఆపారు. "ఫోనూ కరెంటుదే కదా నాన్నా" అంది హేమలత. నా కూతురి బుర్రే బుర్ర అని మురిసిపోతూ తాతబాబు దాన్నీ ఆపేశాడు. అవతల నూకరాజు స్తంభం మీద హలో హలో అంటూ ఉండిపోయాడు.

"నలుగురం ఉన్నాం. తలా ముప్ఫై లెక్కపెడితే నూట ఇరవై అయిపోదూ?" సూరిబాబుకి అనుమానం వచ్చింది. కాబోయే లెక్కల టీచరు హేమలతే భాగించింది. తలా ఏడున్నర. ఆ అరని ఎలా లెక్కపెట్టాలో తేలేసరికి మూడు దాటింది. అన్నీ మళ్ళీ వేసినా నెట్ మాత్రం రాలేదు. మళ్ళీ నూకరాజుకే ఫోను.

"ఫోనెందుకు ఆపావు బాబాయ్?"

"నువ్వే ఆపమన్నావు కదరా. ఒరే, కొత్త పెట్టె కొని కూడా ఈ తిప్పలేమిట్రా?"

"పెట్టె కొత్తదా! ముందే చెప్పొద్దూ! ప్రతి పెట్టెకీ పుట్టుకతో వచ్చే నంబరు ఇంకోటుంటుంది, మ్యాక్ అంటారు. మా ఆఫీసు గుర్తుపట్టేది మీ పాత పెట్టెని. కొత్తది పాతదానిలా కనబడితే గానీ నెట్ రాదు. దిగి వస్తున్నా ఉండు."

తాతబాబు పాత పెట్టె తెచ్చి కొత్తదాని పక్కన పెట్టి, పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా రెండిటినీ ఎగాదిగా చూశాడు. పాతది మసిబారి ఉంది. మాణిక్యం కొత్తదాన్ని కట్టెల పొయ్యి పొగలో పట్టింది. పాతదాని రెండు యాంటెన్నా కొమ్ముల్లో ఒకటి విరిగి ఉంది. సూరిబాబు కొత్తదాని కుడి కొమ్ము పుటుక్కుమనిపించాడు. తీరా చూస్తే పాతదానికి విరిగింది ఎడమది. దాన్నీ విరిచి, కుడిదాన్ని అన్నం మెతుకులతో అతికించాడు.

"పాతదాని మీద పిడుగు కూడా పడింది కదండీ?" అంది మాణిక్యం.

నలుగురూ పెట్టె పట్టుకుని వాకిట్లోకి వెళ్ళి ఆకాశం వంక చూశారు. మబ్బు తునక లేదు. ఉంటే ఆ ముచ్చటా తీరిపోయేదని తాతబాబు ఇప్పటికీ ఒప్పుకుంటాడు.

పావు తక్కువ నాలుగుకి నూకరాజు వచ్చాడు. రెండు పెట్టెల్నీ చూసి నోరు తెరిచి, "వీటిలో కొత్తదేది?" అన్నాడు. ఆ ఒక్క మాటకి తాతబాబు ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

నూకరాజు పాత పెట్టె అడుగున మసి తుడిచి నంబరు చదివాడు. దాన్ని కొత్త పెట్టె సెట్టింగుల్లో కొట్టాడు. లాప్‌టాప్ ఐపీ కూడా మార్చాడు. నెట్ వచ్చేసింది! నూకరాజు మంచినీళ్ళు కూడా తాగకుండా బండెక్కి వెళ్ళిపోయాడు.

సరిగ్గా నాలుగింటికి తెర మీద కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన కనబడ్డాడు.

"నమస్తే హేమలతగారూ. మీ వెనకాల ముగ్గురు నిలబడ్డారేంటి? ఇంటర్వ్యూ జరిగేటప్పుడు గదిలో మీరు తప్ప ఎవరూ, ఏదీ ఉండకూడదండీ. అయిదు నిమిషాలు టైమిస్తాను, సర్దుకోండి."

"చిత్తం!" అన్నారు నలుగురూ.

అంతే. మంచం బయటికి వచ్చింది. ట్రంకుపెట్టె వచ్చింది. గోడ మీద క్యాలెండరు వచ్చింది, దాని మేకూ వచ్చింది. హేమలత లేచి తన కుర్చీ తనే అందించి కింద కూర్చుంది. సూరిబాబు గుమ్మంలోంచి నాలుగు మూలలా చూసి, "అన్నయ్యా, ఇంకొకటి మిగిలిపోయింది" అన్నాడు.

తాతబాబు లోపలికి వెళ్ళి లాప్‌టాప్‌ని చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తి తెచ్చాడు. వాకిట్లో బోర్లించిన గంగాళం మీద పెట్టాడు. వెనక్కి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి, గొళ్ళెం కూడా పెట్టాడు.

"హేమలతగారూ? హలో, హేమలతగారూ?" అంటున్నాడు కళ్ళజోడాయన.

తాతబాబు వంగి, తెర నిండా మీసం కనబడేలా మొహం పెట్టాడు. "గదిలో మా అమ్మాయి తప్ప పూచికపుల్ల లేదండీ బాబూ. ఇక మీరు నిశ్చింతగా అడగండి!"

గొళ్ళెం పెట్టిన తలుపు వెనక నుంచి హేమలత గొంతు ఖంగుమంది.

"నేను సిద్ధం నాన్నా, మొదలుపెట్టమను!"