వన్నూరప్ప నిద్ర

వన్నూరప్పకు నిద్ర రాకుండా ఉండే తాయెత్తు కావలసి వచ్చింది.

అతను గుత్తి నుంచి చెన్నైకి పోయే ఒక ప్రైవేటు బస్సు డ్రైవరు. తాయెత్తు అడగడానికి మీరావలి తాత దగ్గరికి వచ్చాడు. ఊరి చివరి చిన్న దర్గాను కనిపెట్టుకొని ఉంటూ, దాని వసారాలోనే పరుపులు కుట్టి బతికే ముసలాయన. పన్నెండేళ్ళుగా వన్నూరప్పకు గురువు. ఆయనకు మొక్కి వెళ్ళకుండా వన్నూరప్ప ఎన్నడూ స్టీరింగు పట్టింది లేదు.

మధ్యాహ్నం ఒకటిన్నర అయింది. పక్కన ఏకిన దూది కుప్పగా పోసుకొని తాత పరుపు కుడుతున్నాడు.

"నిద్ర రాకుండా ఏదన్నా కట్టు తాతా," అన్నాడు వన్నూరప్ప, కూర్చుంటూనే.

"నిద్ర నిన్నేం చేసిందప్పా?"

"ఓబులేసు పని మానేసి ఇరవై రోజులైంది. ఇద్దరం నడపాల్సిన బండి ఒక్కణ్ణే నడుపుతాండా. పన్నెండు గంటలు. మా స్టాండులో అట్లా నడిపేటోడు ఇంకొకడు లేడు."

ఆ చివరి మాట అన్నప్పుడు అతని మెడ కొంచెం నిటారుగా అయింది.

"ఎనిమిది గంటలకు మించి నడపకూడదని నువ్వే చెప్పినావే ఒకసారి?"

"రూలు ఉండాది తాతా. ఐదు గంటలు నడిపితే అరగంట ఆపాలని గూడా ఉండాది. పుస్తకంలో సగం గంటలు నా పేరు మీద, సగం ఓబులేసు పేరు మీద రాస్తాం. వాని సంతకం గూడా నేనే పెడతా. ఎవరు చూడొచ్చారు?"

తాత సూదిలో దారం ఎక్కించడానికి వెలుతురు వైపు తిరిగాడు. ఒకసారి తప్పింది. మళ్ళీ ప్రయత్నించాడు.

దారం ఎక్కేలోపే వన్నూరప్ప గొంతు మారిపోయింది.

"ఈ పొద్దు కన్ను మూతపడింది తాతా."

చెన్నై నుంచి తిరిగి వస్తుంటే, మంచి ఎండలో జరిగింది. తాడిపత్రి ఇంకా రాలేదు. రెప్ప వాలిందని కూడా అతనికి తెలియలేదు. చక్రాల కింద కంకర కరకరలాడితే కళ్ళు తెరిచాడు. ఎదురుగా వాగు మీది మోరీ గోడ. స్టీరింగు లాగేశాడు. బస్సు ఒక్క ఊపు ఊగి మళ్ళీ రోడ్డెక్కింది. లోపల నలభై మంది ఉన్నారు. ఒక్కరూ కదల్లేదు.

"గుత్తిలో దిగేటప్పుడు ఒకామె, ముందు సీట్లో కూచున్నామె, చంకలో బిడ్డ. 'అన్నా, ఎంత బాగా తెచ్చినావు, పాప ఒక్కసారి గూడా లేయలేదు' అనింది. నాకు దండం పెట్టింది తాతా."

చేతులు రెండూ తొడల కింద దాచుకున్నాడు.

"ఇంటికి పోయి పడుకుంటే కళ్ళు మూయంగానే ఆ కంకర చప్పుడే. ఆరింటికి మళ్ళీ బండి తియ్యాల. నువ్వు ఏదన్నా చదివి కట్టినావంటే..."

"చదవాలంటే దగ్గరికి రావాల గదా," అన్నాడు తాత. పరుపు పక్కకు నెట్టి కుడికాలు మడిచాడు. "తల ఇట్లా పెట్టు."

వన్నూరప్ప ఆయన తొడ మీద తల ఆనించాడు. తాత అరచేయి అతని కళ్ళ మీద పెట్టి, ఏదో మెల్లగా చదవసాగాడు. చేతికి కొత్త దూది వాసన. ఒకటి రెండు సార్లు వన్నూరప్ప ఒళ్ళు ఉలిక్కిపడింది. ఉలిక్కిపడినప్పుడల్లా చేయి కొంచెం గట్టిగా ఆనింది. కాసేపటికి ఊపిరి బరువెక్కింది.

తాత చదవడం ఆపలేదు. గొంతు మాత్రం తగ్గించాడు.

కొంతసేపటికి వన్నూరప్ప చొక్కా జేబులో ఫోను మోగింది. తాత దాన్ని రెండు వేళ్ళతో బయటికి తీశాడు. నోరు ఎట్లా మూయించాలో ఆయనకు తెలియదు. అటూ ఇటూ తిప్పి చూసి, దూది కుప్పలోకి మోచేతి దాకా చేయి పోనిచ్చి అడుగున పెట్టేశాడు. అది అక్కడే గొణిగి గొణిగి ఊరుకుంది.

మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన వాళ్ళు గడప దగ్గరే ఆయన పెదవుల మీది వేలు చూసి, చప్పుడు చేయకుండా చక్కెర అక్కడ పెట్టి వెళ్ళిపోయారు. ఎండ వసారాలోకి పాకి వన్నూరప్ప ముఖం మీదికి వచ్చింది. తాత భుజం మీది తువ్వాలు తీసి అడ్డం పట్టుకున్నాడు. ఒక చేయి నొప్పి పుడితే ఇంకో చేతికి మార్చుకున్నాడు.

వన్నూరప్ప లేచేసరికి ఐదు దాటింది. ఎక్కడున్నాడో కాసేపు అర్థం కాలేదు. తర్వాత గబుక్కున కూర్చున్నాడు.

"ఎంతసేపైంది తాతా? నన్ను లేపలేదేం?"

తాత లేవబోయాడు. కుడికాలు తిమ్మిరెక్కి మాట వినలేదు. వెనక్కి కూలబడ్డాడు. వన్నూరప్ప ఆ కాలు ఒళ్ళోకి తీసుకొని పిక్క నుంచి పాదం దాకా రుద్దాడు. బొత్తిగా కండ లేని కాలు. రుద్దుతుంటే అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"తాయెత్తు కట్టలేదేం తాతా."

"నిద్రను తరిమేది నాకు తెలీదు నాయనా. కాపలా కూచునేదే తెలుసు."

సాయంత్రం చేసే అసర్ నమాజుకు వేళ మించిపోతోందని, తాత గోడ పట్టుకొని కుంటుతూ లోపలికి వెళ్ళాడు.

దూదిలో ఫోను మళ్ళీ గొణిగింది. వన్నూరప్ప వెతికి తీశాడు. ఓనరు. అప్పటికే పద్నాలుగు సార్లు చేశాడు.

"యాడ చచ్చినావురా? ఆరింటికి బండి!"

"ఈ పొద్దు నేను బండి ఎక్కనన్నా," అన్నాడు వన్నూరప్ప. అంత నెమ్మదిగా మాట వస్తుందని అతనే అనుకోలేదు. "రెండు డ్యూటీల మధ్య తొమ్మిది గంటలు విశ్రాంతి ఉండాలని రూలు. నేను పడుకునింది మూడున్నర గంటలే. ఇంగ ఓబులేసు సంతకం గూడా నేను పెట్టను."

అవతల ముందు తిట్లు. ఆ తర్వాత, "వేరే ఊరి నుంచి ఇద్దర్ని పిలిపిస్తా. బండి లేటైతే అయింది. రేపు పొద్దున వచ్చి లెక్క తేల్చుకొని పో. నీ మొగం మళ్ళీ నాకు కనపడకూడదు," అని ఫోను పెట్టేశాడు.

తాత నమాజు ముగించుకొని వచ్చేసరికి వన్నూరప్ప ఉన్నచోటే ఉన్నాడు. చేతులు ఒళ్ళో ఉన్నాయి.

"పని పోయింది తాతా."

తాత అతని పక్కన కూర్చున్నాడు. జుట్టులో చిక్కుకున్న దూది పింజెలు ఒక్కొక్కటే తీసేశాడు.

"ఎన్ని గంటలంటివి?"

"తొమ్మిది."

"ఇంకా ఐదున్నర ఉండాయి," అన్నాడు తాత. కుడికాలు మెల్లగా చాపుకొని, ఎడమకాలు మడిచి, పంచె సర్దుకున్నాడు.

"ఈ పక్కకు రా."