ముల్లు గుచ్చిన ఆకు

గురువారం వచ్చిందంటే నూరుల్లాకి కాళ్ళు నేలమీద ఆనేవి కావు. వెలిగొండల కింద ఫకీరు బురాన్ బాబా ఉండే తకియాకి ఆ రోజు చుట్టుపక్కల ఊళ్ళ జనమంతా వచ్చేవారు. రొట్టె, మిరపకాయ పచ్చడి తిని, తమ బాధలు చెప్పుకునేవారు. బాబా ముసలివాడై మాట తగ్గించాక ఆ బాధలు వినేదీ, బదులు చెప్పేదీ శిష్యుడు నూరుల్లాయే. జనం అతన్ని ‘చిన్నబాబా’ అనడం మొదలుపెట్టారు. కూర్చోడానికి ఎవరో పట్టుదిండు కూడా తెచ్చి వేశారు.

కొండ అవతల కొత్త తకియా ఒకటి లేచింది. దాన్ని చూసుకోవడానికి ఎవరిని పంపుతారో బాబా ఇంకా చెప్పలేదు. తనను కాక ఇంకెవరిని పంపుతారని నూరుల్లా ధీమా.

ఒకనాడు మిరపతోటకి నీళ్ళు కడుతూ బాబా అడిగాడు. “ఏం బేటా, అందరూ అంతలా పొగుడుతున్నారే! నీకేమీ కావడం లేదా?”

“నాకేమవుతుంది బాబా? ఆ మాటలు నన్ను తాకనే తాకవు. చీమ కుట్టినట్టయినా ఉండదు.”

బాబా ఊఁ కొట్టాడు. పొరుగు చేలోంచి తెగులు పట్టిన మిరపాకు ఒకటి తెచ్చి, కొబ్బరిచిప్పలో నీళ్ళు పోసి నలిపాడు. తుమ్మముల్లు ఆ నీళ్ళలో ముంచి రెండు మొక్కలకి చెరో ఆకుమీద గుచ్చాడు. ఒకటి పాత నాటు మొక్క, పొట్టిది. రెండోది ఒక షావుకారు కానుకగా ఇస్తే నూరుల్లా నాటి మురిసిపోతున్న మొక్క. ఆకులు అరచేయంత.

“చూస్తూ ఉండు,” అన్నాడు.

మర్నాటికి నాటు మొక్క ఆకు ముల్లు దిగినచోట మాడి, మినపగింజంత మచ్చ పడింది. నూరుల్లా మొక్క నిగనిగలాడుతూనే ఉంది.

నూరుల్లా పరుగున వచ్చాడు. “చూశారా బాబా! మీ పొట్టిది ఒక్క పోటుకే మాడింది. నాదాన్ని చూడండి, రాజాలా నిలబడింది!”

“బాగుంది. ఇంకా చూడు,” అన్నాడు బాబా.

రోజులు గడిచాయి. పెద్దాకు నీళ్ళలో నానినట్టయి పసుపెక్కింది. తర్వాత దాని పక్క ఆకు, పై ఆకు. చివరికి మొక్కంతా ఆకులు రాలి బోడైపోయింది. నాటు మొక్క మచ్చ మాత్రం పడినచోటే ఆగింది. పైన తెల్లటి పూలు పూశాయి.

నూరుల్లా దాని ముందు చతికిలబడ్డాడు. “కళ్ళు లేవు, చెవులు లేవు. దీనికెట్లా తెలిసింది బాబా?”

“శత్రువు లోపల కాలు పెట్టగానే గుర్తుపట్టింది. వాడు నిలబడ్డ ఆ కాస్త చోటునీ తానే ఎండబెట్టుకుంది. ఇక వాడికి తిండేదీ?”

“మరి నాది?”

“వాణ్ణి చుట్టమనుకుంది.”

ఆ గురువారం షావుకారు అందరికంటే ముందే వచ్చాడు. “దయచేయండి చిన్నబాబా! మీరు లేనిదే ఈ తకియా ఎక్కడిది?” అంటూ దిండు దులిపి వేశాడు.

నూరుల్లా కూర్చున్నాడు. గుండెలో వెచ్చగా ఏదో పాకింది. ఎంత హాయిగా ఉందో! అతను ఉలిక్కిపడ్డాడు.

లేచి, దిండు తీసుకెళ్ళి జ్వరంతో పడుకున్న ఒక ముసలమ్మ తలకింద పెట్టాడు. గుమ్మం దగ్గరికి పోయి, జనం విడిచిన చెప్పులు సర్దుతూ కూర్చున్నాడు.

“ఏమైందయ్యా చిన్నబాబాకి?” అన్నారెవరో.

“దిండులో చీమలున్నాయేమో!”

అందరూ నవ్వారు. నూరుల్లా చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళు మండాయి. చెప్పుల మీంచి మాత్రం చెయ్యి తియ్యలేదు.

జనం వెళ్ళిపోయాక బాబా మెల్లగా నడిచి వచ్చాడు. ఆ ముసలి మొహంలో అంత గర్వం నూరుల్లా ఎన్నడూ చూడలేదు. బాబా అతని అరచేతిలో చిన్న మూట పెట్టాడు. విప్పితే నాటు మిరప విత్తనాలు.

“కొండ అవతల నేల మంచిదట,” అన్నాడు బాబా. “వానలకి ముందే వెళ్ళి నాటు.”