గోడకు పడమటి పక్క

జాబితా పూర్తయింది. సంతకం ఒక్కటే మిగిలింది. దాని కోసం బాలశౌరి మూడు రోజులుగా రాయప్ప ఇంటి అరుగు మీద కూర్చుంటున్నాడు.

కొత్త జలాశయం నిండితే ఆ ఊరు మునిగిపోతుంది. మనుషులకు మిట్ట మీద ఇళ్ళు కడుతున్నారు. పాత రాతి చర్చిని ఎవరూ కదిలించలేరు. సమాధులను మాత్రం, జాబితాలో ఎన్ని ఉంటే అన్ని, కొత్త చోటికి తరలిస్తామన్నారు అధికారులు. లేనివి నీళ్ళలోకి పోతాయి. ఎల్లుండి పొద్దున ఏడింటి బస్సుకు జాబితా వెళ్ళాలి. కింద ఊరి పెద్ద సంతకం ఉండాలి.

ఇప్పుడు ఊరి పెద్ద అయిన రాయప్ప ఒకప్పుడు నలభై ఏళ్ళు అక్కడ ఉపదేశిగా చేశాడు. ఫాదర్ నెలకోసారి వచ్చే రోజుల్లో జపాలు చెప్పించిందీ, పిల్లలకు అక్షరాలు దిద్దించిందీ, పోయినవాళ్ళను మట్టి చేసిందీ ఆయనే. పాత రాళ్ళ మీద రాత చదవడం బాలశౌరికి నేర్పిందీ ఆయనే. తడిగుడ్డతో తుడవాలి, పొద్దు వాలేటప్పుడు పక్క నుంచి చూడాలి, అప్పుడు అరిగిపోయిన అక్షరం కూడా లేచి కనబడుతుంది.

బాలశౌరి ఈ పనిని ఎవరూ చెప్పకుండానే నెత్తికెత్తుకున్నాడు. పన్నెండు వరుసలు, నూట నలభై మూడు సమాధులు. ఒక్కోదాని మీద సున్నంతో నంబరు వేశాడు. పొడవు, వెడల్పు, పేరు, చనిపోయిన సంవత్సరం రాసుకున్నాడు. చర్చిలోని చావుల పుస్తకంతో రెండుసార్లు సరిచూశాడు.

"ఒక్కటి తప్పినా నా పేరు మార్చండి, అయ్యగారూ."

ఎదురుగా చర్చి వాకిలి ఊడుస్తున్న లూర్దమ్మ చీపురు ఆపింది. "ఏందబ్బాయ్, చచ్చినోళ్ళను ఇంత బాగా లెక్కేస్తన్నావు. మీ అమ్మ గొడ్లను తోలుకురమ్మంటే మాత్రం ఒకటి తగ్గించి తోలుకొస్తావంటగా?"

రాయప్ప నవ్వలేదు. కాగితాలు చివరిదాకా తిరగేసి పక్కన పెట్టాడు.

"వాన పడనీ."

"వానకీ సంతకానికీ ఏం సంబంధం?"

"పడనీ అంటన్నాగా."

మర్నాడు మధ్యాహ్నం వాన పడింది. వెలిసేసరికి మూడున్నర. రాయప్ప చేతికర్ర తీసుకుని బయటికొచ్చాడు. బాలశౌరిని సున్నం డబ్బా పట్టుకోమన్నాడు. లూర్దమ్మను కూడా రమ్మన్నాడు.

"నేనెందుకయ్యా?" అందామె. ఆయన కర్ర పోటేసుకుంటూ ముందుకు సాగాడు. ఆమె చీపురు గోడకు ఆనించి వాళ్ళ వెనకే నడిచింది.

సమాధుల దొడ్డి గేటు దగ్గర బాలశౌరి గడియ తీశాడు. రాయప్ప లోపలికి వెళ్ళలేదు. గోడ వెంబడి పడమటి పక్కకు తిరిగాడు.

అక్కడ తంగేడు పొదలు తప్ప ఏమీ లేవు. గోడ పొడవు కొలవడానికి బాలశౌరి ఆ నేల మీద నాలుగైదు సార్లు నడిచాడు. గొర్రెలు మేసే చదును నేల.

ఇవాళ చదునుగా లేదు. నేల కుంగిన చోటల్లా వాన నీళ్ళు నిలిచాయి. చిన్న చిన్న గుంటలు, పక్కపక్కనే, అన్నీ ఒకే దిక్కుకు, లోపలి సమాధులు ఎటు ఉన్నాయో అటే.

అలవాటు కొద్దీ లెక్కపెట్టాడు. ముప్పై ఏడు. తర్వాత పొడవు చూశాడు. ఒక్కటీ మూరన్నర దాటలేదు.

"ఎవరివి అయ్యగారూ?"

"జ్ఞానస్నానం అందకముందే పోయిన పసిగుడ్లు. అప్పట్లో లోపల పెట్టనిచ్చేవాళ్ళు కాదు."

"ఎవరు?"

రాయప్ప కర్ర మీద రెండు చేతులూ ఆనించాడు.

"ఈ ఊళ్ళో అయితే, నేను."

"పుస్తకంలో కూడా లేరే."

"రాసేవాణ్ణి నేనేగా."

లూర్దమ్మ అప్పటికే వాళ్ళను దాటి ముందుకు పోయింది. ఆమె ఎక్కడా వెతకలేదు. మూల నుంచి అయిదో గుంట దగ్గర కూర్చుని, నీళ్ళ మీద తేలుతున్న తంగేడు ఆకులను ఒక్కొక్కటే తీసి పక్కన వేస్తోంది.

గోడలో ఒక రాయి వదులుగా ఉంది. రాయప్ప దాన్ని రెండు చేతులతో ఊపి ఊపి లాగాడు. బాలశౌరి సాయం పోబోతే మోచేత్తో నెట్టేశాడు. మోసుకొచ్చి, లూర్దమ్మ కూర్చున్న గుంటకు తల వైపున దించాడు. ఎనభై దాటిన మనిషి, ఊపిరి అందడానికి చాలాసేపు పట్టింది.

"నంబరు వెయ్యి."

"రాయి తడిగా ఉంది. కారిపోద్ది."

"వెయ్యి."

బాలశౌరి కుంచె ముంచి నూట నలభై నాలుగు వేశాడు. సున్నం కిందికి కారింది. కాగితం తీసి కొత్త వరుస గీశాడు. పొడవు రాశాడు. వెడల్పు రాశాడు. పేరు దగ్గర కలం ఆగింది. లూర్దమ్మ వీపు వైపు చూశాడు. 

రాయప్ప గొంతు సవరించుకున్నాడు.

"లూర్దమ్మా, బిడ్డ పేరేంది?"

ఆమె వెనక్కి తిరగలేదు. ఇంకో ఆకు తీసింది.

"యాభై రెండేళ్ళకు అడిగావయ్యా."

 గోడలో రాయి ఊడిన సందులోంచి లోపలి సమాధులు కనిపిస్తున్నాయి.

"తెరేజమ్మ," అంది లూర్దమ్మ. "మా ఆయనక్కూడా చెప్పలా."

బాలశౌరి రాశాడు. సంవత్సరం రాయాల్సిన చోట యాభై రెండును తీసివేయడానికి, ఎంత పెద్ద లెక్కయినా నోటితో చెప్పే ఆ కుర్రాడికి, కాగితం అంచున అంకెలు వేసుకోవాల్సి వచ్చింది.

పడమట మళ్ళీ మబ్బు పట్టింది. ఇంకా ముప్పై ఆరు గుంటలు. ఊళ్ళో నూట ఇరవై గడపలు. బస్సుకు పదిహేను గంటలు.

"మిగతా పేర్లు ఎవరినడగను అయ్యగారూ? నాకు చెబుతారా వాళ్ళు?"

రాయప్ప అప్పటికే కర్ర ఊతంతో ఊరి వైపు నడుస్తున్నాడు.

"నువ్వు రాయి," అన్నాడు ఆగకుండానే. "అడగాల్సింది నేను."