ముట్టింది అన్న మాట

కొండవాగు పక్కన, మద్దిచెట్ల నీడలో అడవి మొత్తానికి ఒకటే ఆసుపత్రి. కట్టించింది సింహరాజు, నడిపేది జంబునాథం అనే నక్క. కట్టించినాయన ఎప్పుడో ఓసారి వచ్చి చూసిపోతాడు. నడిపే ఆయన కుర్చీలోంచి లేచిన పాపాన పోడు. మరి పని ఎవరు చేస్తారంటారా? నర్సులు. పెద్ద నర్సు కాంతమ్మ అనే గేదె, ఆమె కింద దావీదు అనే కొండముచ్చు, సులోచన అనే కొంగ.

ఆ ఆసుపత్రిలో మొదటి నుంచీ ఒక కట్టుబాటు ఉంది. డ్యూటీ దిగే నర్సు ఒక్కో మంచం దగ్గరా నిలబడి, ఆ రోగికి ఏం బాధో, ఏం చేయాలో డ్యూటీ ఎక్కేవాళ్లకు చెప్పాలి. విన్నవాళ్లు రోగి నుదురు తాకి "ముట్టింది" అనాలి. ఆ మాట పడేదాకా దిగేవాళ్లు గడప దాటకూడదు. మాట అన్నవాళ్లు మళ్లీ ఇంకొకరి చేత అనిపించుకునేదాకా కదలకూడదు. సింహరాజు పెట్టిన కట్టుబాటు అది. మీరినవాళ్లకు ఆ అడవిలో నిలవనీడ ఉండదు.

సులోచన వాళ్ల గుంపు ఏటా వానలు వెనకపట్టగానే లేచి తూర్పున ఉప్పుటేటి వైపు పోతుంది. అక్కడ నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీదే వాళ్లు గూళ్లు కడతారు. ఇంకెక్కడా గుడ్డు పెట్టరు. సులోచన పుట్టింది ఆ కొమ్మల మీదే. వాటిని చూసి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తు లేదు. గుంపు లేచే రోజున ఆమె ఎవరికో తడిగుడ్డ వేస్తూ ఉంటుంది. పైన రెక్కల చప్పుడు వినిపిస్తుంది. కిటికీ వైపు చూస్తే ఏడుపొస్తుందని తల ఎత్తదు. ఎవరెవరి పిల్లల జ్వరాలకో కాపలా కాసిందే గాని, సొంతపిల్ల ముక్కు తెరిచి అడిగితే ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. తెలుసుకోవాలని మహా బెంగ.

ఈసారి ముందుగానే నక్క దగ్గరికి వెళ్లింది.

"అయ్యా, మా గుంపు రేపో మాపో లేస్తుంది. ఈ ఏడన్నా సెలవిప్పించండి."

"నేనెప్పుడన్నా కాదన్నానా తల్లీ? శుభ్రంగా వెళ్లు. అప్పగించి వెళ్లు," అంది నక్క, ముందుకాలు నాక్కుంటూ.

"అప్పగించడానికి ఎవరున్నారండీ? నా తర్వాత ఎక్కే జెముడుకాకి రత్తమ్మను మీరే మానిపించారు. ఆ చోటులో మళ్లీ ఎవర్నీ పెట్టలేదు."

"వెతుకుతున్నానమ్మా. మంచివాళ్లు దొరకాలా వద్దా?"

ఆ వెతుకులాట ఎన్నేళ్లుగా సాగుతోందో అందరికీ తెలుసు.  ముగ్గురు చేసే పని ఒకరి చేతే జరిగిపోతుంటే మిగతా ఇద్దరెందుకని నక్క లెక్క.

నర్సులకూ ఓపిక నశించింది. సంఘం పెట్టుకున్నారు. ప్రతి వార్డుకూ డ్యూటీ మారేవాళ్లను పెట్టకపోతే సమ్మె చేస్తామని సింహరాజుకు కబురు పంపారు. ఆయన వస్తున్నానన్నాడు. వచ్చే ముందురోజు, గడప దాటకుండానే, వంటశాల వెనక పెరటి చింతచెట్టు కింద అందరూ కూడారు.

"రేపు పొద్దున్నే అందరం బయటికి నడిచేద్దాం అక్కా. తాడోపేడో తేలిపోతుంది," అన్నాడు దావీదు.

కాంతమ్మ నెమరు వేస్తూ అడిగింది. "ఏనుగు తాత సంగతేంట్రా? కాలు కింద పెట్టలేడు. ఆయన్ని ఎవరికి ముట్టజెప్పి నడుస్తావ్?"

దావీదు తాత మంచం ఉన్న వైపు చూశాడు.

"అందుకే ఆ నక్క సమ్మె మాట విని కూడా ఈలవేసుకుంటూ తిరుగుతోంది. మన కాళ్లకు కట్టిన తాడు దాని చేతిలో ఉంది," అంది కాంతమ్మ.

సులోచన ఒంటికాలి మీద నిలబడి వింటోంది. తన గూటి కోసం ఇంతమందిని తిప్పలు పెడుతున్నానేమోనని ఆమెకు లోపల పీకుతోంది. కడప చెట్లు మాత్రం కళ్ల ముందు నుంచి కదలడం లేదు.

"అక్కా, నర్సుకే అప్పగించాలని కట్టుబాటులో ఉందా?"

కాంతమ్మ నెమరు ఆపింది. "అట్లా ఏం లేదే. ముట్టింది అన్నవాళ్లెవరైనా సరే. ఎందుకడిగావ్?"

"రాజుగారు ఎదురుగా ఉంటే మన మేనేజరు ఎలా గొప్పలకు పోతాడో చూశారు కదా."

కాంతమ్మ ఒళ్లు కదిలేలా నవ్వింది.

మర్నాడు పొద్దున సింహరాజు వచ్చాడు. నక్క తోక దులుపుకుని ఎదురెళ్లింది.

"ప్రభూ, వీళ్ల గోల పట్టించుకోకండి. పనేముందని? మంచాల మధ్య అటూ ఇటూ తిరగడం. ఆమాత్రం దానికి నేనొక్కణ్ణి చాలు."

"అలాగా అయ్యగారూ? అయితే మీకే అప్పగిస్తాం," అంది సులోచన నెమ్మదిగా.

నక్క పక్కకు చూసింది. రాజుగారు తన వైపే చూస్తున్నాడు. కాదంటే పరువు పోతుంది. అయినా వీళ్లకు రోగుల్ని వదిలి గడప దాటే గుండె ఎక్కడిదిలే అనుకుంది.

"ఓ, దానికేం! పదండి."

ఏనుగు తాత మంచం దగ్గర సులోచన చెప్పింది. "కాలి పుండు. కట్టు మార్చేటప్పుడు కబుర్లు చెబుతుండాలి, లేకపోతే నొప్పికి తొండం విసురుతాడు."

"ముట్టింది."

"ఎలుగుబంటికి చక్కెర జబ్బు. తేనె కోసం కాళ్లావేళ్లా పడతాడు, ఇవ్వకూడదు," అన్నాడు దావీదు.

"ముట్టింది, ముట్టింది."

"కొండచిలువకు అజీర్ణం. ఉండుండి ఒళ్లు మార్చి పడుకోబెట్టాలి. తల వైపు మాత్రం..." అంటోంది కాంతమ్మ.

"ముట్టిందన్నానుగా!"

నర్సులు నక్కకు దణ్ణం పెట్టి, ఒకరి వెనక ఒకరు గడప దాటారు. పోయి గుమ్మానికి ఎదురుగా కూర్చున్నారు. "ఎవరి ప్రాణం మీదికైనా వస్తే ఒక్క కేక వేయండి, క్షణంలో లోపలుంటాం," అని కాంతమ్మ రోగులకు ముందే చెప్పి ఉంచింది. సింహరాజు అరుగు మీద చేరబడ్డాడు.

అప్పుడు లేచింది కొంగల గుంపు. మద్దిచెట్ల మీద ఒక చుట్టు తిరిగింది. సులోచన తల ఎత్తి చూసింది. ఎన్నేళ్లకో చూసింది! ఆమె రెక్కలు వాటంతటవే విచ్చుకున్నాయి.

"వెళ్లవే పిచ్చిదానా," అంది కాంతమ్మ.

"తాతను ఆ నక్క చేతిలో పెట్టి ఎక్కడికెళ్లనక్కా? దాని నోరు అంది గాని, దాని మనసు అనలేదు."

గుంపు కొండ దాటిపోయింది. సులోచన రెక్కలు ముడుచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. దావీదు పక్కన కూర్చుని ఆమె వీపు నిమిరాడు.

లోపల ఒకటే రభస. కట్టు మారుస్తూ నక్క ఒక్క కబురూ చెప్పలేదు. తొండం విసురుకు గోడవారన పడింది. ఎలుగుబంటి దాని తోక పట్టుకుని తేనె తేనె అని వదల్లేదు. కొండచిలువ ఒళ్లు మార్చబోయి నేరుగా తల వైపే నిలబడింది. అది ఆవులించిన ఆవులింతకు నక్క ఒక్క దూకు దూకి గుమ్మంలో తేలింది. ముందుకాలు గడప మీద పెట్టింది.

"సారూ, ముట్టిందన్నారు కదా!" అని ఎలుగుబంటి లోపల్నుంచి అరిచింది.

సింహరాజు కళ్లు తెరిచాడు. "ఎక్కడికి జంబునాథం?"

"కాస్త నడుం వాల్చి వస్తాను ప్రభూ."

"శుభ్రంగా వెళ్లు. అప్పగించి వెళ్లు."

"అప్పగించడానికి ఎవరున్నారు ప్రభూ?"

అన్నాక గాని ఆ మాట ఎవరిదో దానికి తెలిసిరాలేదు. సులోచన దాని వైపే చూస్తోంది. నక్క తల దించుకుంది.

"ఎవరూ లేకుండా చేసిందెవరు?" అని సింహరాజు గర్జించాడు. అక్కడికక్కడే నలుదిక్కులకూ కబురు వెళ్లింది. వార్డు వార్డుకూ మారేవాళ్లను పెట్టాలని, వాళ్లు వచ్చేదాకా మేనేజరు కూడా డ్యూటీలోనే ఉండాలని చెప్పాడు.

పొద్దు వాలకముందే అందరికంటే ముందు జెముడుకాకి రత్తమ్మ పరుగున వచ్చింది. సులోచన ఆమెను ఏనుగు తాత దగ్గరికి తీసుకెళ్లి, నక్కకు చెప్పిందంతా మళ్లీ మొదటి నుంచి చెప్పింది. రత్తమ్మ చివరిదాకా వింది. కట్టు విప్పి చూసింది. తాత నుదురు తాకింది.

"ముట్టింది సులోచనా."

ఆ మాట కోసమే ఆమె ఇన్నేళ్లు కాచుకుంది. తీరా విన్నాక తాత దుప్పటి మళ్లీ మళ్లీ సర్దుతూ నిలబడింది.

"ఇంకా నిలబడ్డావేమమ్మా?" అన్నాడు తాత. "మీవాళ్లు ఈ పూటకు నది తిన్నె మీద దిగుతారు. వేగిరం పో. వచ్చేటప్పుడు పిల్లల్ని వెంటబెట్టుకు రా, నా వీపు మీద ఆడుకుంటారు."

సులోచన గడప దాటింది. వాగు మీద ఒక్కసారి వాలుగా జారి, పైకి లేచి, తూర్పు తిరిగింది.

ఎలుగుబంటిని దావీదు తీసుకున్నాడు. కొండచిలువను మాత్రం ఎవరూ తీసుకోలేదు, కాంతమ్మ కూడా. ఆ మంచానికి కొత్తగా పెట్టిన ముంగిస అవతలి కొండ నుంచి నడిచి రావాలి. అందాకా జంబునాథం ఆ మంచం దగ్గరే, ఈసారి తోక వైపు, ముడుచుకుని కూర్చుంది. పైన రెక్కల చప్పుడు వినిపించినా కిటికీ వైపు తల ఎత్తలేదు.

నీతి: ఒకరి బరువు దించడానికి ఇంకొకరిని ఉంచనివాడికి, తన బరువు దించుకునే రోజున ఎవరూ దొరకరు.