గాసి తుడుము

అరకు కొండల్లోని ఓ చిన్న గూడెంలో గాసి అనే తుడుము వాయించేవాడు ఉండేవాడు, వాడికి తన చేతివేగం మీదే తప్ప మనుషుల మీద ధ్యాస ఉండేది కాదు.

నిజం చెప్పాలంటే, ఆ చుట్టుపక్కల అంత బాగా తుడుము కొట్టేవాడు లేడు. పండుగనాడు ధింసా ఆడేటప్పుడు ఆడవాళ్ళు ఒకరి నడుము వెనక ఒకరు చేతులు పెనవేసుకుని వరుసగా నిలబడేవారు. ఒక్కరు తడబడితే చాలు, వరుసంతా ఒరిగిపోయేది. అందుకే ఆ గూడెంలో ఒక పద్ధతి ఉండేది. తుడుము కొట్టేవాడు వరుస మొదట్లో ఉన్న చలాకీ పిల్లను కాదు, చివర్లో ఉన్న పెద్దావిడ కాలు చూసి దెబ్బ వెయ్యాలి. గాసి మాత్రం మొదటి పిల్లనే చూసేవాడు. పొరుగూరివాళ్ళు నోరు తెరుచుకుని చూస్తుంటే వాడికి కడుపు నిండిపోయేది.

వరుస చివర ఆడేది వాడి భార్య బుద్రి. ఏళ్ళ తరబడి పోడు చేలో కలుపు తీసి ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి.

"కాస్త నెమ్మదిగా కొట్టు మావా. ఏడాదికోసారి ఆడే ఆట. ఇదీ లేకపోతే నాకింకేముంది?" అంది ఓ చైత్ర పండుగనాడు.

"నీ మోకాళ్ళ కోసం నా చేతులు కట్టేసుకోనా? ఆడలేకపోతే అరుగు మీద కూర్చో," అన్నాడు గాసి.

బుద్రి చేతులు విడిపించుకుని వెళ్ళి కూర్చుంది. పండుగ అయిపోయేదాకా అక్కడే ఉండిపోయింది. గాసి ఒక్కసారైనా అటు చూడలేదు.

మరుసటి ఏడు వాడు తుడుముకు కొత్త తోలు బిగించి, నిప్పు సెగకు కాచి, అందరికంటే ముందే ఊరి నడుమకు వచ్చాడు. కొట్టాడు. ఎవరూ రాలేదు. ఇంకా గట్టిగా కొట్టాడు. చివరికి బుద్రి చెల్లెలు సోనాయి వచ్చింది.

"ఎందుకు బావా అంత ఆయాసం? నీ దెబ్బకు అక్క కాలు కదపలేదు. అక్క లేని వరుసలో మేం చెయ్యి కలపం," అని చెప్పి వెళ్ళిపోయింది.

కాసేపటికి అవతలి కళ్ళం నుంచి పాట వినిపించింది. గాసి వెళ్ళి చూశాడు. వాద్యమేదీ లేకుండా, నోటిపాటతోనే ఆడవాళ్ళు ఆడుతున్నారు. చివర్లో బుద్రి ఉంది. అందరూ ఆమె అడుగు కోసం ఆగి, మెల్లగా కదులుతున్నారు. గాసి తుడుముతో కళ్ళం అంచుకు వచ్చాడు. తనూ కలుద్దామని కర్రలు ఎత్తి దెబ్బ వేశాడు. వరుస తడబడింది. మళ్ళీ వేశాడు. కుదరలేదు. ఇన్నేళ్ళూ ఆ కాళ్ళను చూడనివాడి చేతులకు ఆ నడక ఎలా తెలుస్తుంది, పాపం? వాడు కర్రలు దించేసి, కళ్ళం అంచున ఒక్కడే నిలబడ్డాడు. బుద్రి తలెత్తలేదు. ఆమె చూపంతా తన అడుగుల మీదే ఉంది.

అందుకే పిల్లలూ, వెనకున్నవాళ్ళ అడుగు చూసుకోకుండా పరిగెత్తేవాడు ఎంత నేర్పరి అయినా చివరికి ఒంటరిగానే మిగులుతాడు.