మౌలాలి చివరి పాట

దస్తగిరి వేళ్లలో మెరుపులుండేవి. లినక్స్ నల్లతెర ముందు కూర్చుని ఒక్క వరస ఆజ్ఞ కొడితే చాలు, ఎన్నో ఫైళ్లను కలిపి ఎంత బిగించి కట్టిన టార్ మూటైనా విడిపోవాల్సిందే. లోకంలోని కంప్యూటర్లన్నీ తనకు సలాం కొట్టాకే పనిలోకి దిగుతాయని అతని నమ్మకం.

కొండమీది దర్గాలో అతనికి ఈ విద్య నేర్పిన గురువు హుస్సేన్ షా. ఆయన ప్రాణస్నేహితుడు మౌలాలి అక్కడే అరవై ఏళ్లు పాడాడు. గొంతెత్తితే మబ్బులు దారి తప్పి వచ్చేవి. పోయే ముందురోజు దగ్గుల మధ్య ఒక్క పాట పాడాడు. గురువు మందుకోసం కొండ దిగాడు, వినలేదు. దస్తగిరే రికార్డు చేశాడు. మరో నకలు లేదు.

మౌలాలి పోయిన నలభయ్యోనాడు వింటానని గురువు ఆ పాటను దాచుకున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. మౌలాలి పాతపాటలూ వినిపిద్దామని దస్తగిరి అవి కట్టిపెట్టిన పన్నెండేళ్లనాటి టార్ మూట తీశాడు.

"లోపల ఏమున్నాయో చూశావా బేటా?"

"చూసేదేముంది బాబా! మీరు బిస్మిల్లా అనేలోపు విప్పేస్తా."

చివరి పాట ఉన్న ఫోల్డర్లోనే విప్పాడు. ఆ పాట పెట్టాడు. మౌలాలి గొంతు ఖంగున మోగింది. దగ్గు లేదు, వణుకు లేదు.

"ఇది ఆనాటిది కాదే," అన్నాడు గురువు.

మూటలో అదే పేరుతో ఉన్న పాతపాట వచ్చి కొత్తదాన్ని తుడిచేసి కూర్చుంది. నల్లతెర మాటమాత్రమైనా అడగలేదు. దస్తగిరి సాయంత్రందాకా పాతాళం తవ్వినట్టు వెతికాడు. దొరకలేదు.

గురువు పక్కన కూర్చుని, అక్షరానికొక యుగం చొప్పున, ఒంటివేలితో అదే ఆజ్ఞ కొట్టాడు. విప్పమనే ఎక్స్ అక్షరం ఉన్నచోట, పేర్లు చూపించమనే టీ అక్షరం పెట్టాడు. మూట విడిపోలేదు. లోపలి పేర్లు మాత్రం వరసగా తెరమీదికి వచ్చాయి. ఏడోది చివరి పాట పేరే; అక్కడ ఆయన వేలు ఆగింది.

"నన్ను కొట్టండి బాబా."

"కొడితే వాడు పాడతాడా?"

గురువు మౌలాలి డప్పు తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఆ రోజు వాడి పక్కనున్నది నువ్వే. గుర్తున్నంత పాడు."

దస్తగిరి నోరు తెరిచాడు. ఆ రోజంతా అతను చూసింది రికార్డరు మీద ఎగిరిపడే పచ్చగీతలే. దగ్గు వచ్చినప్పుడల్లా అవి ఎర్రబడేవి. పాట ఒక్క ముక్కైనా చెవికెక్కలేదు.

డప్పు అలాగే ఉండిపోయింది.

"దగ్గు గుర్తుందా?" అడిగాడు గురువు.

"ఉంది బాబా."

"అదైనా వినిపించు."